రేణుకమ్మ బురుజులో ఏం దాచింది

రేణుకమ్మ ఏ తాళమైనా వేశాక మూడుసార్లు లాగి చూస్తుంది. ఇంటి తాళమైనా, పెట్టె తాళమైనా, మా ఊరి బురుజు తాళమైనా అంతే. మొదటిసారి తాళం మీద అనుమానంతో, రెండోసారి తన చేతి మీద అనుమానంతో, మూడోసారి పక్కన నిలబడ్డ మనిషి మీద అనుమానంతో. ఇది నేను కల్పించింది కాదు. ఆమే ఒకసారి నాతో అంది.

బోధన్ నుంచి రెంజల్ పోయే దారిలో, చెరుకు తోటలు పలచబడి పసుపు చేలు మొదలయ్యే చోట మా ఊరు. ఊరి నడుమ నల్లరాతి బురుజు ఉంది. గుండ్రంగా, నాలుగంతస్తుల మేడంత ఎత్తు. పైకి పోవడానికి బయటి నుంచి రాతిమెట్లు. అడుగున ఒకే ఒక గది. దానికి వంగితే తప్ప దూరలేని టేకు తలుపు. గోడ మందం ఆరడుగులు. నడివేసవిలో ఆ గోడకు వీపు ఆనిస్తే చల్లటి కుండకు ఆనించినట్టే ఉంటుంది.

ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. మా నాయన పిండారీ దోపిడీగాళ్ల భయానికి కట్టారనేవాడు. పక్కింటి వాళ్ల తాత అది ఒక్క రాత్రిలో మొలిచిందనేవాడు. ఎవరికీ తెలియదు కాబట్టి నేను కూడా ఒకటి చెప్పడం మొదలుపెట్టాను. నిజామాబాద్ కాన్వెంటులో చదివే రోజుల్లోనే నాకొక సంగతి తెలిసిపోయింది. ఊరికే కడుపునొప్పి అంటే సిస్టర్ నమ్మేది కాదు. పొద్దున నాలుగున్నర నుంచి కడుపునొప్పి అంటే ఇంటికి పంపేది. అంకె ఉంటే జనం నమ్ముతారు. అందుకని బురుజు కింద దొరసాని దాచిన బంగారం ఉందని ఊరుకోలేదు. ఏడు రాగి బిందెలు, పదకొండు అడుగుల లోతు, ఒక్కో బిందె లేపడానికి నలుగురు మనుషులు అని చెప్పేవాణ్ణి.

మా కోడలు పుష్పలత బోధన్‌లో టీచరు. ఒక ఆదివారం తన బడివాళ్లను నలుగురిని బురుజు చూపించడానికి తీసుకొచ్చింది. నేను మెట్ల మీద నిలబడి కథంతా చెప్పాను. ఆమె ఫోనులో పట్టింది.

"మామా, పోయిన ఏడు ఐదు బిందెలన్నరు గదా. గిప్పుడు ఏడెట్లయినయ్?" అంది వాళ్ల ముందే.

"ధరలు పెరుగుతలేవా అమ్మా," అన్నాను.

అందరూ నవ్వారు. ఆ ప్రశ్నా నవ్వూ ఉన్న ముక్క కోసేసి, మిగతాది ఆమె ఎవరికో పంపింది. వాళ్లు ఇంకెవరికో పంపారు. నెల తిరిగేసరికి ముక్కూమొహం తెలియనివాళ్లు నిజామాబాద్ నుంచి, నాందేడ్ నుంచి బండ్లేసుకుని వచ్చి, దొరసాని బురుజు ఇదేనా అని అడగడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లందరికీ కింది గదే కావాలి. ఆ గది తాళంచెవి రేణుకమ్మ నడుముకుంటుంది.

రేణుకమ్మది సిరికొండ దిక్కు. పదిహేడో ఏట మా ఊరికి కోడలై వచ్చింది. ఆమె మామ గడీవాళ్ల దగ్గర కావలికారుగా ఉండేవాడు. గడీ పోయింది, దొర పోయాడు, కావలి పోయింది. తాళంచెవి మాత్రం ఆ ఇంట్లో మిగిలింది. మామ నుంచి మగనికి, మగని నుంచి ఈమెకు వచ్చింది. జీతమూ లేదు, కాగితమూ లేదు. ఏడాదికోసారి దసరా నాడు బురుజు గడపకు పసుపు రాసి దీపం పెట్టే హక్కు ఒక్కటే ఉంది. ఊళ్లో ఆమెకున్న పెద్దరికమల్లా ఆ హక్కే. చెవిని చీరకొంగుకు ముడేయకుండా నల్లదారంతో మొలకు కట్టుకుంటుంది. కొంగును ఎవరైనా లాగొచ్చని ఆమె భయం.

మగడు పోయి పదేళ్లు దాటింది. ఒక్కతే బిడ్డ, భీమ్‌గల్‌లో కాపురం. రెండెకరాల పసుపు రేణుకమ్మ ఒక్కతే చేస్తుంది. చేను లేని రోజుల్లో నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు ఏరే పనికి పోతుంది. అక్కడ ఆమె కొమ్మును చెవి దగ్గర పెట్టుకుని విరుస్తుంది. టప్పున విరిగితే ఎండింది, మెల్లగా విరిగితే పచ్చిది. ఒకసారి పాలిష్ డ్రమ్ము తిరుగుతుంటే దూరం నుంచే విని, అందులో పచ్చి సరుకు కలిసింది ఆపండని అరిచిందట. ఆపి చూస్తే నిజంగానే కలిసింది. ఆ రోజు నుంచి వ్యాపారులకు ఆమె అంటే గౌరవమూ ఉంది, చిరాకూ ఉంది.

ఆమె అనుమానాలకు ఒక మూలం ఉంది. పెళ్లినాడు తల్లి ఒడిబియ్యం పోస్తూ, అందరూ పెట్టే ఎండు పసుపు కొమ్ములకు బదులు ఐదు పచ్చి దుంపలు పెట్టిందట. సిరికొండ అడవి అంచున వాళ్లింట్లో తరాలుగా వేసుకునే పసుపు. పొట్టి దుంప, విరిస్తే లోపల మోదుగుపువ్వు రంగు. ఆ ఐదింటిని పెరట్లో పెట్టి, పెంచి, ఏడాదికింత విత్తనం కూడబెట్టి రెండెకరాలు నింపింది. మగడు పోయిన ఏడు ఆ విత్తనమంతా ఒక రేకుల కొట్టం కింద ఉండిపోయింది. పైకి నవనవలాడుతూనే ఉంది. వేస్తే చేనంతా కలిపి ఇరవై మొలకలు రాలేదు. రేకుల వేడికి దుంప లోలోపలే ఉడికిపోయింది. పెరటి మూల మరిచిపోయిన తట్టెడు దుంపలతో మళ్లీ మొదలుపెట్టింది. అది మళ్లీ సంచులకెక్కాక, ఈ గొడవకు ముందటేడు ఇంటి చూరు కింద పోగు చేస్తే పక్కనుంచి ఎవరో తవ్వి రెండు సంచులు ఎత్తుకుపోయారు. ఎవరో ఆమెకు తెలియదు. తెలియదు కాబట్టి అందరినీ అనుమానిస్తుంది.

ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా ఆ తర్వాత జరిగింది చూడండి.

ఫిబ్రవరి ఆఖరులో రేణుకమ్మ బురుజు తలుపు తీయడం మానేసింది. ఎవరొచ్చినా "లోపట గబ్బిలాలు పిల్లలు పెట్టినయ్" అంటుంది. వారానికోసారి మిట్టమధ్యాహ్నం, ఊరంతా తిని పడుకున్న వేళ, ఒక్కతే వచ్చి లోపలికి దూరి, గొళ్ళెం వేసుకుని, గంట తర్వాత బయటికి వస్తుంది. ఇది మొదట చూసింది కిషోర్‌బాబు. ఆయనది తాతల నాడే కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్న కుటుంబం. వరి, చెరుకు వేస్తాడు. పసుపు మాత్రం ఎన్నడూ వేయలేదు. మూడు తరాలు ఇక్కడే పుట్టినా మాటలో ఆ యాస పోలేదు.

"బాపురావు గారూ, కోప్పడనంటే ఒక మాటండి. ఆవిడ లోపలేదో చేస్తోందండి," అన్నాడు మా అరుగు మీద కూర్చుని.

"ఏం చేస్తుంది కిషోర్‌బాబూ, దీపం పెడుతుండొచ్చు."

"దీపం పెట్టడానికి తట్టలో మట్టెందుకండి? నా కళ్లారా చూశాను. చెరువు మట్టి, వేపాకు, పేడ. నిన్న గడప దగ్గర పసుపు రాలి ఉంది. తలుపు కమ్మీ మీద పసుపు చెయ్యి అచ్చు. మెట్టు కింద పిండేసిన నిమ్మచెక్కలు ఆరు. లెక్కపెట్టానండి."

ఆరు అన్నాడు చూడండి, అక్కడ నేను చిక్కాను. అంకె ఉంది.

పసుపు, నిమ్మకాయ, వేపాకు, కొత్త మట్టి. మా దిక్కున ఈ నాలుగూ ఒక పాత కట్టడం దగ్గర కనిపిస్తే చిన్నపిల్లలైనా లంకెబిందెల పూజ అంటారు. పసుపు పండించే ఊళ్లో, పసుపు చేసే మనిషి చేతికి పసుపంటితే, దాన్ని పూజ పసుపు అనుకున్నాం. తవ్వేవాళ్లయితే మట్టి బయటికి రావాలి గదా, లోపలికి పోతోందేమిటని నేనే అడిగాను. "తవ్వడం అయిపోయిందండి, పూడుస్తోంది," అన్నాడు కిషోర్‌బాబు. ఎంత బాగా అతికిందో!

మర్నాటి నుంచి నేనూ మధ్యాహ్నం నిద్ర మానేశాను. కిటికీలోంచి బురుజునే చూస్తూ కూర్చున్నాను. నా మనసులో ఏం జరిగిందో సిగ్గు విడిచి చెబుతాను. దొరసాని నేను పుట్టించిన మనిషి. బిందెలు ముందు మూడు, తర్వాత ఐదు, తర్వాత ఏడు చేసింది నేనే. అయినా ఒక మధ్యాహ్నం, నేను తెలియక నిజం చెప్పానేమో అనిపించింది. అది మొదలు, నా బంగారం రేణుకమ్మ ఎత్తుకుపోతోందన్నంత కోపం వచ్చింది.

పుష్పలత నా వాలకం పసిగట్టింది. "మామా, గా కథ మీదే గదా. మీరే నమ్ముతున్నరా?"

"నమ్ముతలేనమ్మా. సూస్తున్న."

"గట్ల సూసుడే నమ్ముడు," అని లోపలికి పోయింది.

మే నెల రెండోవారానికి ఊరంతటికీ పాకింది. రేణుకమ్మ నీళ్లకు వస్తే ఆడవాళ్లు మాట ఆపేసేవాళ్లు. కిరాణా కొట్టులో ఆమె చేతుల వైపు చూసేవాళ్లు. ఉపసర్పంచ్ రాజేశ్వర్ పదిమందిని పోగేసి, ఒక మధ్యాహ్నం బురుజు ముందుకు తెచ్చాడు. ఇద్దరి చేతుల్లో పలుగులు. నన్ను పెద్దమనిషిగా కుర్చీ వేసి కూర్చోబెట్టారు. రేణుకమ్మను పిలిపించారు.

ఆమె వచ్చి తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"రేణుకక్కా, తాళంచెవి ఇయ్యి," అన్నాడు రాజేశ్వర్.

"మిరుగు దాకా తెరువ." మిరుగంటే జూన్ మొదట్లో వచ్చే మృగశిర కార్తె.

"మిరుగుకూ బురుజుకూ ఏం సంబంధం?"

"నాకున్నది."

"గిది నీ ఇల్లు కాదక్కా, ఊరిది."

"ఊరిదైతే నలభై ఏండ్ల సంది గడప ఊడ్సింది ఎవలు? నీ పెండ్లామా?"

వెనక ఎవరో నవ్వారు. రాజేశ్వర్ మొహం ఎర్రబడింది. కిషోర్‌బాబు గొంతు సవరించుకుని, "అది కాదమ్మా, దాచాల్సిందేమీ లేకపోతే చూపించేస్తే పోతుంది కదండి," అన్నాడు.

"నీ బీరువాల ఏమున్నదో నేనడిగిన్నా అయ్యా? దాసుడంటే దొంగతనమేనా?"

"సూపియ్యకుంటే చెవి పంచాయతీల పెడతం. ఇగ దసరా దీపం గూడ నీది కాదు," అన్నాడు రాజేశ్వర్.

ఆ మాటకు ఆమె చెయ్యి మొలదారం మీదికి పోయింది. అప్పుడు నావైపు తిరిగింది.

"అన్నా, బాపురావన్నా. గా బిందెల కథ నీదే గదా. నువ్వే పుట్టిచ్చినవ్. గీళ్లకు సెప్పు. గది ఉత్త కథ, లోపట బంగారం లేదు అని ఒక్క మాట సెప్పు. మిరుగు ఇంక ఇరవై నాలుగు దినాలే ఉన్నది."

ఆ ఒక్క మాట చెబితే అయిపోయేది. అందరూ నావైపే చూస్తున్నారు. చెప్పడానికి నోరు తెరిచాను. కానీ రెండు నెలలుగా కిటికీలోంచి చూసిన తలుపు అది. నేనన్న మాట ఇది:

"తెరిచి సూస్తే తప్పేమున్నది రేణుకా?"

ఆమె దారం తెంపి చెవిని నా ఒళ్లోకి విసిరేసింది.

తలుపు తెరిస్తే లోపలి నుంచి చల్లటి గాలి, దానితోపాటు పచ్చి పసుపు వాసన వచ్చాయి. కళ్లకు చీకటి అలవాటయ్యాక కనిపించింది. గది నడుమ, మనిషి నడుమెత్తు, పొడుగ్గా ఒక దిబ్బ. మట్టీ పేడా కలిపి నున్నగా మెత్తి ఉంది. చుట్టూ వేపాకు. చూడటానికి అచ్చం కొత్త సమాధి.

"కొట్టురి," అన్నాడు రాజేశ్వర్.

పలుగు దిగింది. మెత్తిన పెళ్ల విరిగిపడింది. దాని కింద ఎండిన పసుపాకులు. వాటి కింద దుంపలు. రెండోవాడు ఇంకా లోతుకు పొడిచాడు. దుంపలు. ఇంకోవైపు నుంచి పొడిచారు. సగం దిబ్బ చెదిరి నేల మీదికి దొర్లింది. పలుగుకు రాయి తగిలి ఖంగుమంది. అది గది నేల. బండ మీద బండ, చీమ దూరే సందు లేదు.

కిషోర్‌బాబు వంగి ఒకటి తీసి చూశాడు. "ఇది పసుపేనండి," అన్నాడు, ఎవరో తనను మోసం చేసినట్టు.

"విత్తన పసుపు," అన్నాడు రాజేశ్వర్ మెల్లగా. వాడిదీ పసుపు చేసే ఇల్లే. వాళ్లమ్మ కూడా మామిడిచెట్టు కింద ఇలాగే పోగు పెట్టి, ఆకు కప్పి, మట్టి మెత్తి, మిరుగుకు తెరిచేది. ఆ పదిమందిలో ఎనిమిదిమంది ఇళ్లలో ఆ రోజుకు అలాంటి దిబ్బ ఉంది. ఆరుబయట చెట్టు కింద ఉంటే విత్తనం, బురుజులో ఉంటే నిధి అనుకున్నాం.

రేణుకమ్మ లోపలికి వచ్చింది. ఏడవలేదు. చెదిరిన దుంపల మధ్య కూర్చుని ఒకటి చేతిలోకి తీసుకుంది. దాని కన్ను దగ్గర తెల్లగా గోరంత మొలక వచ్చి ఉంది. పలుగు దెబ్బకు అది విరిగి వేలాడుతోంది.

"సెప్తే ఊరి జాగల నీ సరుకేందని తాళంచెవి గుంజుకుందురు. సెప్పకుంటే పలుగులు పట్టుకొచ్చిండ్రు. రేకుల కింద పెడితే ఉడుకుతది, చూరు కింద పెడితే ఎత్కపోతరు. ఇంత సల్లటి జాగ యాడున్నది ఊళ్లె?"

"మరి నిమ్మకాయలేంటమ్మా?" అన్నాడు కిషోర్‌బాబు, ఆఖరి ఆశతో.

"వారం వారం పగుళ్లు మెత్తినప్పుడల్ల సేతులకు రుద్దుకున్న. పసుపంటిన సేతులు సూస్తే యిత్తనం యాడ పెట్టిందో అని వెనక వస్తరని." అరచేతులు తిప్పి చూపింది. గోళ్ల సందుల్లో ఏ నిమ్మకాయకూ పోని పసుపు.

"పోనీ మళ్ల మెత్తుదమక్కా," అన్నాడు రాజేశ్వర్.

"పలుగు తగిలిన దుంప కుళ్లుతది. కుళ్లు పక్కదానికి అంటుకుంటది. మిరుగు నాటికి మట్టే మిగుల్తది." లేచి నిలబడింది. "గాలి తగిలింది, ఇగ ఆగదు. మంచియి ఏరి రేపు పొద్దుగూకే లోపట భూమిల పడాలె. వాన లేదు, నీళ్లున్న చేను గావాలె." నావైపు చూడకుండానే అంది: "బాపురావన్న బోరు కింది ఎకరం ఖాళీగ ఉన్నది. తెరిసినోళ్లే నాటాలె."

మర్నాడు తెల్లవారుజామునే మొదలుపెట్టాం. పలుగు పట్టిన ఇద్దరూ బోదెలు తోలారు. రాజేశ్వర్ దుంపలు మోశాడు. కిషోర్‌బాబు పసుపు నాటడం జన్మలో అదే మొదలు. కన్ను కిందికి పెడుతుంటే రేణుకమ్మ గట్టు మీద నుంచి, "అయ్యా, అది పాతాళానికి మొలుస్తదా?" అని తిప్పి పెట్టించింది. డెబ్బై ఆరేళ్ల నా నడుము పది గంటలకే పట్టేసింది. కూర్చుందామని చూస్తే, "బిందెకు నలుగురు గావాలంటివి. దుంపకు నువ్వొక్కనివి సాలవా అన్నా?" అంది. పుష్పలత నీళ్లు తెచ్చి, నేను వంగి నాటుతుంటే ఫోనుతో పట్టింది. దాన్ని మాత్రం ఎవరికీ పంపొద్దని చేతులు జోడించాను.

పన్నెండు సంచుల విత్తనంలో ఏడు సంచులే భూమిలో పడ్డాయి. అందులోనూ అక్కడక్కడ సాళ్లు బోసిగా ఉండిపోయాయి. వేసే విత్తనం లేక ఆ ఏడాది ఆమె తన రెండెకరాలూ బీడు పెట్టింది. నాటినవాటిలోనూ చాలా మట్టిలోనే కుళ్లాయి, పంట తవ్వితే ఎనిమిది సంచులే వచ్చాయి, ఒక్క కొమ్ము అమ్మలేదు. అంతా విత్తనానికే ఉంచింది. చెవి గురించి పంచాయతీలో మళ్లీ ఎవరూ మాటెత్తలేదు. దసరా దీపం ఆమే పెట్టింది.

నేను బిందెల కథ మానేశాను. ఇప్పటికీ ఆదివారాల్లో బండ్లు వస్తాయి. కింది గదిలో ఏముందని అడిగితే ఉన్నదున్నట్టు చెబుతాను, రేణుకమ్మ విత్తన పసుపు పెట్టుకుందని. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మొన్న నాందేడ్ నుంచి వచ్చినాయన మరాఠీలో పక్కవాడితో అన్నాడు, ముసలాయన ఏదో దాస్తున్నాడని. నాకు మరాఠీ వస్తుందని ఆయనకు తెలియదు.

ఈ ఫిబ్రవరిలో విత్తనం లోపల పెట్టే రోజు రేణుకమ్మ కబురు పంపింది. ఎనిమిది సంచుల్లో ఒకటి భుజాన వేసుకుని బురుజు గడప దాకా మోశాను. లోపలికి వంగబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"గీడనే దించు అన్నా. లోపటికి నేను పోత."

"ఇంకా నమ్మవా రేణుకా? మొత్తం చూసినోణ్ణే కదా నేను."

"గందుకే."

ఎనిమిది సంచులూ తనే ఒక్కొక్కటిగా లోపలికి లాక్కుంది. ఆకులు పరిచి, మట్టి మెత్తి, చేతులు కడుక్కుని బయటికి వచ్చేసరికి పొద్దు వాలింది. తలుపు వేసి, తాళం వేసి, మూడుసార్లు లాగి చూసింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, అక్కడే నిలబడ్డ నన్ను చూసింది. వెనక్కి వచ్చి నాలుగోసారి లాగింది.